నెల్లూరు తీరంలో సముద్రం వేడెక్కిన రోజుల్లో తిరుపతిలో వాన ఎందుకు కనబడట్లేదు?

ఎండావాన (తిరుపతి):

అన్నలూ, సార్లూ, ఒక లెక్క దగ్గర ఇరుక్కున్నా. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఈశాన్య రుతుపవనాల వానకీ బంగాళాఖాతం ఉపరితల ఉష్ణోగ్రతకీ సంబంధం చూస్తా ఉండా. ఇకమీద ఎస్‌ఎస్‌టీ అని రాస్తా.

తీసుకున్న డేటా: పావు డిగ్రీ గ్రిడ్ ఓఐఎస్‌ఎస్‌టీ (ఉపగ్రహాల, బోయాల కొలతలు కలిపి కట్టిన ఎస్‌ఎస్‌టీ), రోజువారీది, 1991 నుంచి 2020 దాకా, అక్టోబరు–డిసెంబరు. డబ్బా (లెక్కకు తీసుకున్న సముద్రపు ముక్క) 13–15 ఉత్తరం, 80–81 తూర్పు. అంటే మనకు దగ్గర్లోని శ్రీహరికోట, నెల్లూరు తీరం. వాన ఐఎండీ (భారత వాతావరణ శాఖ) వాళ్ల తిరుపతి రోజువారీ రీడింగు. అదే రోజు ఎస్‌ఎస్‌టీకి, అదే రోజు వానకు కోరిలేషన్ చూస్తే సున్నా దగ్గరే తిరుగుతా ఉంది. నవంబరు ఒక్కటే తీస్తే కాస్త నెగటివ్ కూడా. సముద్రం వేడెక్కితే ఆవిరి ఎక్కువ, ఆవిరి ఎక్కువైతే వాన ఎక్కువ, ఇదే కదా చదువుకునింది?

అడగాల్సినవి: డబ్బా తప్పా? సముద్రం నుంచి గాలికి పోయే వేడిని నేరుగా లెక్కగట్టాలంటే ఎట్ల? ఇంకోటి, 2015 ఎల్‌నినో ఏడు (పసిఫిక్ వేడెక్కిన ఏడు), 2021 లానినా ఏడు (అది చల్లబడిన ఏడు), రెంటిలోనూ తిరుపతి మునిగింది. అట్లయితే ఎల్‌నినో ఇండెక్స్ పెట్టుకుని ఏం లాభం?

తూర్పుగాలి:

నీ కోరిలేషన్ తప్పుగా రాలేదు, రావాల్సినట్టే వచ్చింది. ఎస్‌ఎస్‌టీ అనేది వేడి ఎంత ఉందో చెప్పే అంకె. గాలికి ఎంత వేడి పోతోందో చెప్పే అంకె కాదు. ఈ రెంటినీ కలిపేస్తే ఇట్లనే అవుతుంది.

ఉతికిన బట్టలు ఎండలో కదలకుండా ఉన్నప్పటికన్నా నీడలోనైనా గాలి ఆడితే తొందరగా ఆరతాయి కదా, సముద్రం మీదా అంతే. లెక్కలో చూడు. గుప్తోష్ణ ఫ్లక్సుకు, అంటే ఆవిరితో పాటు గాలికి పోయే వేడికి, బల్క్ ఫార్ములా ఇది:

గుప్తోష్ణ ఫ్లక్స్ = గాలి సాంద్రత × ఆవిరయ్యే గుప్తోష్ణం × గుణకం × 10 మీటర్ల ఎత్తులో గాలి వేగం × (నీటి ఉపరితలం దగ్గర సంతృప్త తేమ − గాలిలో ఉన్న తేమ)

సాంద్రత సుమారు 1.17 కిలోలు/ఘనపు మీటరు, గుప్తోష్ణం కిలోకు 24.3 లక్షల జౌళ్లు, గుణకం సుమారు 0.0012. తేమను కిలో గాలికి ఎన్ని గ్రాముల ఆవిరి అనే లెక్కలో తీసుకో. ఒక్క మెలిక: ఉప్పు నీటి మీద సంతృప్త తేమ మంచినీటి మీదకన్నా 2 శాతం తక్కువ, అందుకని 0.98తో గుణించాలి. ఇది మరిచిపోతే ఫ్లక్స్ ఐదారు శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పెరిగిపోతుంది. ఎందుకంటే చివరికి మనం వాడేది రెండు పెద్ద అంకెల మధ్య ఉన్న చిన్న తేడాని.

ఇప్పుడు రెండు రోజులు పక్కపక్కన పెట్టు.

మొదటి రోజు: ఎస్‌ఎస్‌టీ 30 డిగ్రీలు, గాలి 29 డిగ్రీలు, తేమ 80 శాతం, గాలి వేగం సెకనుకు 3 మీటర్లే. నీటి దగ్గర తేమ 26 గ్రాములు, గాలిలో 20 గ్రాములు. తేడా 6. ఫ్లక్స్ చదరపు మీటరుకు 61 వాట్లు వస్తుంది.

రెండో రోజు: ఎస్‌ఎస్‌టీ 27.5 డిగ్రీలే. ఉత్తరాది నుంచి పొడిగాలి వస్తోంది: 25.5 డిగ్రీలు, తేమ 70 శాతం, వేగం సెకనుకు 8 మీటర్లు. నీటి దగ్గర 22.4, గాలిలో 14.1. తేడా 8.3. ఫ్లక్స్ 227 వాట్లు.

సముద్రం రెండున్నర డిగ్రీలు చల్లబడింది, ఆవిరి మూడున్నర రెట్లకు పైగా పెరిగింది. నీటి మందంలో చెప్పాలంటే 28 వాట్లకు రోజుకు 1 మిల్లీమీటరు. అంటే మొదటి రోజు 2.2 మి.మీ., రెండో రోజు 8.1 మి.మీ. ఈశాన్య గాలులు బలంగా వీచే రోజుల్లో సముద్రం చల్లబడేది ఈ ఖర్చు వల్లనే. ఆ గాలులే మనకు తేమ మోసుకొచ్చేది కూడా. కోరిలేషన్ నెగటివ్‌గా రాక ఇంకెట్ల వస్తుంది?

నేరుగా వేడి రూపంలో పోయేది, సెన్సిబుల్ హీట్ అంటారే, అది ఈ లెక్కలో చిన్నది. రెండో రోజుకు నీటికీ గాలికీ 2 డిగ్రీల తేడా పెట్టి చేస్తే 23 వాట్లు. గుప్తోష్ణంలో పదో వంతు. దానిమీద టైం పెట్టొద్దు.

ఇంకో చోట పిల్లలు చాలామంది బోల్తా పడతారు. "ఎస్‌ఎస్‌టీ 1 డిగ్రీ పెరిగితే ఆవిరి ఎంత పెరుగుతుంది?" అని పై ఫార్ములాలో నీటి ఉష్ణోగ్రత ఒక్కటే మార్చేస్తారు. రెండో రోజును 28.5 చేసి, గాలి తేమను 14.1 దగ్గరే వదిలేస్తే 17 శాతం పెరిగినట్టు వస్తుంది. నిజానికి గాలి కూడా ఒకట్రెండు రోజుల్లో వేడెక్కి తేమ పట్టుకుంటుంది. గాలినీ 26.5 చేసి తేమ 70 శాతమే ఉంచితే పెరుగుదల 6 శాతం. గాలి పట్టగల ఆవిరి డిగ్రీకి 6–7 శాతం పెరుగుతుందనే క్లాసియస్–క్లాపిరాన్ లెక్కకు ఇదే సరిపోతుంది. ప్రాజెక్టులో 17 అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అదే.

సెకనుకు 3 మీటర్ల కన్నా తక్కువ గాలి ఉన్న రోజుల్లో స్థిరమైన 0.0012 నమ్మొద్దు. సగటు గాలి తక్కువైనా విసురులు ఉంటాయి, ఫార్ములా వాటిని చూడదు. అక్కడ కోరే (COARE) అనే ఫ్లక్స్ లెక్కల అల్గారిథం వాడు, పైథాన్‌లో రెడీగా దొరుకుతుంది.

పులికాట్_కొంగ:

పై లెక్క బాగుంది. కానీ అసలు తమ్ముడు పెట్టిన అంకెల్లోనే తేడా ఉంది, అది చూడకుండా ఎంత లెక్కగట్టినా దండగ.

మొదటిది డబ్బా. 13–15 ఉత్తరం మధ్య తీరం 80 తూర్పు దాటి 80.3 దాకా వస్తుంది. 80 నుంచి మొదలుపెడితే పడమర వైపు గళ్లలో సగం నేల, పులికాట్ సరస్సు. ఓఐఎస్‌ఎస్‌టీ ల్యాండ్ మాస్క్ కొన్నిటిని కొట్టేస్తుంది, అయినా మిగిలిన తీరపు గళ్లు అంత నమ్మకమైనవి కావు.

రెండోది మబ్బు. ఇన్‌ఫ్రారెడ్ ఉపగ్రహం మబ్బుల్లోంచి చూడలేదు. మైక్రోవేవ్ మబ్బుల్లోంచి చూస్తుంది గానీ జోరు వాన పడే చోట పనికిరాదు, తీరానికి దగ్గరైతే నేల సిగ్నల్ కలిసిపోయి అదీ పోతుంది. అంటే తిరుపతిలో వాన పడే రోజు నీ డబ్బా మీద కూడా మబ్బే, ఆ రోజు నీకు ఉన్న అంకె నిజంగా కొలిచింది కాదు, అంతకుముందు రోజులనుంచీ పక్క గళ్లనుంచీ సర్దినది. వాన రోజునే కొలత బలహీనం.

మూడోది, ఏ లోతు ఉష్ణోగ్రత? ఇన్‌ఫ్రారెడ్ చూసేది పైన 10–20 మైక్రాన్ల పొర. ఆ పొర కింది నీటికన్నా 0.2–0.3 డిగ్రీలు చల్లగా ఉంటుంది, ఎందుకంటే వేడి పోయేది అక్కడినుంచే. బోయా (నీటిమీద తేలే కొలత పరికరం) కొలిచేది మీటరు లోతున. ఆర్గో ఫ్లోట్లు (సముద్రంలో మునిగి తేలుతూ కొలిచేవి) చాలావరకు ఉపరితలానికి కొన్ని మీటర్ల కింద ఆపేస్తాయి. గాలి లేని ఎండరోజు మధ్యాహ్నం పై పొర 2 డిగ్రీలకు పైగా వేడెక్కి రాత్రికి మళ్లీ దిగిపోతుంది. వేర్వేరు చోట్ల డేటా కలిపేటప్పుడు ఇవి చూడకపోతే, నువ్వు వెతికే అర డిగ్రీ సిగ్నల్ ఇందులోనే మునిగిపోతుంది. రాత్రి రీడింగులు, లేదంటే ఓస్టియా డేటాలో లాంటి ఫౌండేషన్ ఉష్ణోగ్రత (పగటి వేడి తగలని లోతుది) వాడు.

చెన్నైలోని ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్ల ఓమ్నీ బోయాలు బంగాళాఖాతంలో ఉన్నాయి, హైదరాబాదులో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) దగ్గర డేటా అడగొచ్చు. వాటి గాలి సెన్సారు నీటికి 3 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఫార్ములాకు 10 మీటర్ల గాలి కావాలి. మార్చకుండా పెడితే గాలి 10 శాతం పైచిలుకు తక్కువ చూపిస్తుంది, ఫ్లక్సూ అంతే తగ్గుతుంది.

చిత్తూరు_మామిడి:

ఇంత లెక్కలు మాకు ఎక్కవు గానీ ఒక్క మాట చెప్పండి సార్. టీవీలో సముద్రం వేడెక్కింది, తుపాను ఖాయం అంటారే, నిజమేనా? ఎన్ని డిగ్రీలుంటే తుపాను?

పులికాట్_కొంగ:

మామిడి గారూ, ఖాయం కాదు. 26.5 డిగ్రీలు అనేది కనీస షరతు. బంగాళాఖాతం మధ్య, దక్షిణ భాగాలు ఏడాదిలో ఎక్కువ నెలలు 28 దాటే ఉంటాయి. ఆ లెక్కన నెలనెలా తుపాను రావాలి. పైగాలికీ కిందిగాలికీ వేగంలో తేడా ఎక్కువుంటే పుట్టబోయేది పుట్టకముందే చెదిరిపోతుంది. నడి రుతుపవనాల్లో, జూలై ఆగస్టుల్లో, తుపాన్లు అరుదుగా ఉండేది అందుకే, అప్పుడు సముద్రం వేడిగా లేక కాదు.

ఉపరితలం కన్నా లోతు చూడాలి. 26 డిగ్రీల పైన ఉన్న వేడినంతా ఉపరితలం నుంచి 26 డిగ్రీల లోతు దాకా కూడితే వచ్చేదే తుపాను ఉష్ణ నిల్వ, టీసీహెచ్‌పీ. రెండు చోట్లా పైన 29 డిగ్రీలే అనుకోండి. ఒక చోట 30 మీటర్ల దాకా 29 ఉండి, 80 మీటర్లకు 26కు దిగింది: 30×3 + 50×1.5 = 165 డిగ్రీ-మీటర్లు. ఘనపు మీటరు ఉప్పునీటిని డిగ్రీ వేడి చేయడానికి 40.9 లక్షల జౌళ్లు. గుణిస్తే చదరపు సెంటీమీటరుకు 67 కిలోజౌళ్లు. ఇంకోచోట 10 మీటర్లే 29, 40 మీటర్లకల్లా 26: 30 + 45 = 75, అంటే 31 కిలోజౌళ్లు. ఉపగ్రహానికి రెండూ ఒకటే రంగు. తుపాను మొదటిదాని మీద బలపడుతుంది, రెండోదాని మీద అది చిలికిన నీళ్లే పైకొచ్చి దాన్నే చల్లబరుస్తాయి. ఇన్‌కాయిస్ మ్యాపుల్లో 50–60 దాటిన చోట కన్నేసి ఉంచుతారు.

అయితే బంగాళాఖాతానికి ఇక్కడ ఒక ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మన గోదావరి, కృష్ణ అన్నీ వానాకాలం నీళ్లు ఇందులోనే కలుపుతాయి. ఉప్పు తక్కువైన తేలిక నీరు పైన మూతలా కూర్చుంటుంది. గాలి దాన్ని చీల్చి కింది చల్లటి నీటిని పైకి తేవడం కష్టం. అందుకే అక్టోబరు–నవంబరు తుపాన్ల కింద ఇక్కడ ఉపరితలం 1 డిగ్రీ లోపే చల్లబడటం మామూలు. అరేబియా సముద్రంలో అంతకన్నా బాగా చల్లబడుతుంది. పైగా ఆ తేలిక పొర పలచన. నికరంగా చదరపు మీటరుకు 100 వాట్లు వస్తే 20 మీటర్ల పొర రోజుకు 0.1 డిగ్రీ వేడెక్కుతుంది, 10 మీటర్ల పొరైతే 0.2. వారం మబ్బు లేకపోతే చాలు, డిగ్రీ పైన ఎక్కేస్తుంది.

ఎండావాన:

చాలా థ్యాంక్స్ అన్నా. తూర్పుగాలి అన్న చెప్పినట్టు ఫ్లక్స్ చేద్దామని ఈఆర్‌ఏ5 (పాత వాతావరణాన్ని మోడల్‌తో మళ్లీ కట్టిన గ్రిడ్ డేటా) దించినా. దాంట్లో గుప్తోష్ణం కాలమ్ అంతా నెగటివ్, అంకెలు ఎనిమిది లక్షలు అట్ల ఉండాయి. ఫైల్ చెడిపోయిందా?

తూర్పుగాలి:

ఫైల్ బాగానే ఉంది. ఈఆర్‌ఏ5లో కిందికి వచ్చేది పాజిటివ్, సముద్రం నుంచి పైకి పోయేది నెగటివ్. యూనిట్ వాట్లు కాదు, ఆ గంటలో కూడిన జౌళ్లు. 3600తో భాగించు: −8,17,200 అంటే −227 వాట్లు. గుర్తు తిప్పేస్తే పైన మనం చేసిన రెండో రోజే.

నెలవారీ సగటు ఫైల్ దించితే మాత్రం 3600 కాదు, 86,400తో భాగించాలి, అక్కడ అంకె రోజుకు కూడిన మొత్తం. ఇది చూసుకోకపోతే 24 రెట్లు తేడా వస్తుంది. ఇంకా గమనించు: ఈఆర్‌ఏ5 తన ఎస్‌ఎస్‌టీని 2007 ఆగస్టు దాకా హాడ్ఐఎస్‌ఎస్‌టీ2 నుంచి, సెప్టెంబరు నుంచి ఓస్టియా నుంచి తీసుకుంటుంది. నీ 30 ఏళ్ల మధ్యలో ఈ అతుకు పడుతుంది. 2007కు ముందూ వెనకా విడివిడిగా చేసి చూడకుండా ట్రెండ్ గురించి మాట్లాడొద్దు.

వాన తేదీ కూడా. ఐఎండీ రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది. 19వ తేదీ అని రాసిన వాన 18 ఉదయం 8:30 నుంచి 19 ఉదయం 8:30 దాకా పడింది. మన 8:30 అంటే గ్రీనిచ్ 3 గంటలు. కాబట్టి ఈఆర్‌ఏ5లో 18వ తేదీ 4 గంటల స్టాంపు నుంచి 19వ తేదీ 3 గంటల స్టాంపు దాకా 24 గంటలు కూడి పోల్చు. గ్రీనిచ్ క్యాలెండర్ రోజుతో పోలిస్తే ముక్కాలు పైగా నిన్నటి వానను ఈరోజు సముద్రంతో జతచేసినట్టు. అసలే అదే రోజు కోరిలేషన్ అంటున్నావు.

శేషాచలం_నీడ:

డేటా సర్దుకోవడం సరే. నాకు మాత్రం మొదటి ప్రశ్నే కుదరలేదనిపిస్తోంది. తిరుపతిలో పడే వాన ఆ రోజు శ్రీహరికోట ముందు ఆవిరైన నీరు కాదు.

గాలి సెకనుకు 8 మీటర్లంటే రోజుకు దాదాపు 700 కిలోమీటర్లు. తిరుపతి తీరానికి 90 కిలోమీటర్ల దూరం, మూడు గంటల ప్రయాణం. నీ డబ్బా వెడల్పు ఇంకో 110 కిలోమీటర్లు, అదీ నాలుగు గంటలే. ఏడెనిమిది గంటల్లో ఆ గాలి మహా అయితే రెండు మిల్లీమీటర్ల ఆవిరి పట్టుకుంటుంది. మిగతాదంతా రెండు మూడు రోజుల ముందు నుంచీ, అండమాన్ వైపు నుంచో నడి బంగాళాఖాతం నుంచో పోగేసుకుని వచ్చింది. హైస్ప్లిట్‌లో (గాలి వచ్చిన దారిని గీసే సాఫ్ట్‌వేర్) తిరుపతి నుంచి 500, 1500, 3000 మీటర్ల ఎత్తుల్లో 72 గంటలు వెనక్కి గీసి చూడు. వాన రోజులకు, పొడి రోజులకు వేర్వేరుగా. వాన రోజుల దారి ఎక్కడ పడుతుందో అదే నీ డబ్బా. రోజురోజుకూ మారుతుంది, మారనీ.

అసలు విషయం ఇంకా ఉంది. ఆవిరి రోజుకు 5–8 మిల్లీమీటర్లు. భారీ వాన రోజు పడేది 100, 150 మిల్లీమీటర్లు. అంటే ఇరవై ముప్ఫై రెట్ల విస్తీర్ణంలో ఆవిరైనదాన్ని ఒక చోటికి తోయాలి. ఆ తోసే పని గాలిది. లెక్క: 100 కిలోమీటర్ల చదరం తీసుకో, తిరుపతి మధ్యలో. తూర్పు అంచు నుంచి మీటరు వెడల్పుకు సెకనుకు 500 కిలోల ఆవిరి లోపలికి వస్తోంది. గాలి కాలమ్‌లో 50 మిల్లీమీటర్ల తేమ, సగటున 10 మీటర్ల వేగం అన్నమాట. పడమర అంచు నుంచి 400 బయటికి పోయింది, ఉత్తర దక్షిణ అంచుల్లో తేడా లేదు. మిగిలిన 100ను లక్ష మీటర్ల వెడల్పుతో గుణించి, విస్తీర్ణంతో భాగించి, రోజుకు మారిస్తే 86 మిల్లీమీటర్ల వాన.

ఇప్పుడు సముద్రాన్ని 1 డిగ్రీ వేడి చెయ్యి. 500 కాస్తా 535 అవుతుంది, 400 కాస్తా 428. తేడా 107, వాన 92. అదే గాలి పడమర అంచున ఏమాత్రం తగ్గకుండా 500కు 500 వెళ్లిపోయిందనుకో, సముద్రం ఎంత వేడిగా ఉన్నా చుక్క పడదు, తేమ అంతా చిత్తూరు మీదుగా కర్ణాటకకు పోతుంది. వాన పడుతుందా లేదా అనేది గాలులు కలిసే తీరు తేలుస్తుంది. పడేటప్పుడు ఎంత జోరు అనేదాంట్లో సముద్రం వేడికి వాటా ఉంది. నువ్వు పొడి రోజులన్నీ కలిపి కోరిలేషన్ చేస్తే ఆ వాటా కొట్టుకుపోతుంది. 64.5 మిల్లీమీటర్లు దాటిన రోజులు మాత్రమే, అంటే ఐఎండీ భారీ వాన గీత పైన ఉన్నవి తీసి, గాలి వచ్చిన దారి మీద ఎస్‌ఎస్‌టీతో పోల్చు.

మన కొండలది ఇంకో లెక్క. తూర్పుగాలి నేరుగా శేషాచలానికి కొడితే పైకి ఎక్కక తప్పదు. తిరుపతి ఎత్తు 160 మీటర్లు, తిరుమల 850 పైన. ఈశాన్యం నుంచి కొడితే ఒక వాలు తడుస్తుంది, ఆగ్నేయం నుంచి కొడితే ఇంకోటి. 2021 నవంబరు చూడు. వాయుగుండం 19 తెల్లవారుజామున పుదుచ్చేరి–చెన్నై మధ్య తీరం దాటింది. కేంద్రానికి ఉత్తరాన గాలి తూర్పు నుంచి వీస్తుంది, మనం సరిగ్గా అక్కడే ఉన్నాం. ఘాట్ రోడ్లు దెబ్బతిన్నాయి, స్వర్ణముఖి పొంగింది, కొండలకు అవతల చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అదే వాయుగుండం 200 కిలోమీటర్లు దక్షిణాన దాటి ఉంటే ఎస్‌ఎస్‌టీ ఒకటే అయినా కథ వేరు. పావు డిగ్రీ గ్రిడ్‌లో ఈ కొండలు గుట్టల్లా చదునైపోతాయి, ఈఆర్‌ఏ5 వాన ఇక్కడ తక్కువ చూపిస్తే ఆశ్చర్యపోవద్దు. వానకు గేజ్ రీడింగే వాడు, ఈఆర్‌ఏ5ను ఆవిరి రవాణాకు వాడు. నిలువుగా కూడిన ఆవిరి ఫ్లక్స్ తూర్పు–పడమర, ఉత్తర–దక్షిణ రెండూ అందులో రెడీమేడ్‌గా ఉన్నాయి.

మనకు దగ్గర్లోనే గాదంకిలో ఎన్‌ఏఆర్‌ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) ఉంది. 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ పైగాలిని చూపిస్తుంది, నేలకు దగ్గరి పొరను చూడదు, దానికి వేరే విండ్ ప్రొఫైలర్ ఉంది. తేమ వచ్చేది ఆ కింది మూడు కిలోమీటర్లలోనే కాబట్టి ఏది అడుగుతున్నావో చూసుకుని అడుగు.

తూర్పుగాలి:

నీడ గారి మాటకు ఒక్క చేర్పు. టైం తేడా కూడా పెట్టు. వాన రాకముందు మబ్బుండదు, గాలి తక్కువ, సముద్రం వేడెక్కుతుంది. మబ్బు కమ్మాక ఎండ ఆగిపోయి, గాలి లేచి, చల్లబడుతుంది. కాబట్టి వేడి శిఖరం ముందు, వాన తర్వాత. బంగాళాఖాతంలో ఈ తేడా 10 రోజుల చుట్టుపక్కల ఉంటుందని తెలిసిందే. 0 నుంచి 20 రోజుల దాకా ఒక్కో రోజు వెనక్కి జరిపి కోరిలేషన్ గీస్తే సున్నా దగ్గర నెగటివ్, వెనక్కి పోయేకొద్దీ పాజిటివ్ కనబడాలి. ఇదంతా చేసేముందు, ఆ తేదీకి మామూలుగా ఉండే సగటును అంకెల్లోంచి తీసెయ్. అక్టోబరు నుంచి డిసెంబరుకు సముద్రం ఎట్లాగూ చల్లబడుతుంది, వానా తగ్గుతుంది. ఆ రెండూ కలిసి దిగడమే పాజిటివ్ సంబంధంలా కనబడి మోసం చేస్తుంది.

28 డిగ్రీలు దాటితేనే మబ్బు కడుతుందనే గీత గురించి కూడా చదివే ఉంటావు. 1984లో సులోచనా గాడ్గిల్ బృందం చూపించింది అది. ఆ గీత దాటడం అవసరం, దాటితే చాలు అని కాదు. మన పక్క అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ రోజులు అది దాటే ఉంటుంది, కాబట్టి ఆ గీత నీకు రోజుల మధ్య తేడా చెప్పదు. డిసెంబరు చివరికి, జనవరికి మాత్రం పనికొస్తుంది.

శేషాచలం_నీడ:

ఎల్‌నినో ప్రశ్న మిగిలింది కదా. నినో 3.4 అంటే పసిఫిక్‌లో 5 దక్షిణం–5 ఉత్తరం, 170–120 పడమర. అది అర డిగ్రీ పైన వేడెక్కి నెలల తరబడి నిలిస్తే ఎల్‌నినో. నైరుతికి అది చేటు. అక్టోబరు–డిసెంబరులో మాత్రం తమిళనాడు, దక్షిణాంధ్ర మీదికి తూర్పుగాలులు బలపడి వాన పెరిగే వైపు మొగ్గు ఉంటుంది. హిందూ మహాసముద్ర డైపోల్ పాజిటివ్ అయినా, అంటే ఆ సముద్రం పడమర వైపు తూర్పుకన్నా వేడెక్కినా, అదే వైపు. 2015 అట్ల వచ్చింది. 2023లో ఎల్‌నినో, పాజిటివ్ డైపోల్ రెండూ ఉన్నాయి. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను దారిలో చెన్నై నుంచి నెల్లూరు, తిరుపతి జిల్లాల దాకా తడిపింది. 2016లో డైపోల్ నెగటివ్, లానినా ఛాయ, తమిళనాడులో ఈశాన్య వాన 62 శాతం లోటు.

కానీ 2021 లానినా. అందుకే మొగ్గు అన్నా. ఇండెక్స్ మూడు నెలల సగటు మీద పని చేస్తుంది, తిరుపతి మునిగేది ఒకటిన్నర రోజులో. రెండు వాయుగుండాలు ఎటు పోయాయన్నదాన్ని బట్టి సీజన్ మొత్తం మారిపోయే చోట మూడు నెలల సగటుతో రోజు వానను ఎవరూ చెప్పలేరు. నీ ప్రాజెక్టుకు ఇండెక్స్ కావాలంటే రోజువారీ వానతో కాదు, ఏడాదికి ఒక అంకె, అంటే 30 పాయింట్లతో చెయ్యి.

ఎండావాన:

అర్థమైంది సార్. భారీ వాన రోజులు తీస్తే 30 ఏళ్లకూ కలిపి లెక్క చిన్నదవుతుందేమో, అంత తక్కువతో ఫలితం చెప్తే ఒప్పుకుంటారా?

పులికాట్_కొంగ:

ఒప్పుకుంటారు, నిజం రాస్తే. ఇప్పుడు నీ దగ్గర ఏడాదికి 92 రోజుల చొప్పున 2,760 పాయింట్లు ఉన్నట్టు కనబడుతోంది, అవీ నిజంగా అన్ని లేవు. ఎస్‌ఎస్‌టీ ఈరోజుకీ రేపటికీ పెద్దగా మారదు, వారం రోజుల అంకెలు దాదాపు ఒక అంకె కిందే లెక్క. పీ విలువ (సంబంధం లేకున్నా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం) వేసేటప్పుడు అది సర్దకపోతే లేని సంబంధం కూడా గట్టిగా ఉన్నట్టు వస్తుంది. ఒకే వాయుగుండం మూడు రోజులు వాన ఇస్తే అది మూడు కాదు, ఒక్క సంఘటన.

వాన అంకెలు ఒక పక్కకు వాలి ఉంటాయి: చాలా సున్నాలు, కొన్ని కొండంతవి. మామూలు పియర్సన్ కోరిలేషన్ బదులు స్పియర్‌మన్ (అంకెలతో కాక వాటి ర్యాంకులతో చేసేది) వాడు. లేదా సంఘటనలను దారి మీది ఎస్‌ఎస్‌టీ అనామలీ (మామూలుకన్నా ఎంత తేడా) ప్రకారం మూడు గుంపులు చేసి, పై గుంపుకీ కింది గుంపుకీ మధ్యస్థ వాన ఎంత తేడానో బూట్‌స్ట్రాప్‌తో (ఉన్నవాటిలోంచే మళ్లీ మళ్లీ ఏరి చూసే పద్ధతి) చూపించు. అనామలీకి బేస్ 1991–2020 నువ్వే కట్టుకో. ఓఐఎస్‌ఎస్‌టీ ఫైల్లో వచ్చే అనామలీ కాలమ్‌కు బేస్ 1971–2000, అది వాడితే ఇటీవలి ఏళ్లన్నీ వేడి గుంపులోకే పోయి పడతాయి.